పాత తెలుగు సీరియల్స్ టేపుల కోసం ఆర్కైవ్ అధికారి గారికి బహిరంగ లేఖ

అధికారి గారికి నమస్కారం అండీ,

మీ దగ్గరున్న పాత సీరియల్స్ టేపులు చూడనివ్వమని మెయిల్స్ పెట్టాను, ఆఫీసుకొచ్చి అర్జీ ఇచ్చి ఇన్‌వర్డ్ స్టాంపు కూడా వేయించుకున్నాను, ఉలుకూ పలుకూ లేదు, అందుకే నలుగురి ముందు రాయాల్సొస్తోంది.

నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, 1980లు, 90ల తెలుగు సీరియల్స్‌లో ఇంట్లో మాట్లాడుకునే భాష మీద. ఆ రోజుల సినిమా అయితే ఎక్కడో ఒక చోట దొరుకుతుంది, సీరియల్ మాత్రం మీ బీరువాలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టే. అప్పట్లో టేపు ఖరీదని పాతదాని మీదే కొత్తది రికార్డ్ చేసేసేవాళ్లు కూడా. మిగిలిన యూమ్యాటిక్, బీటాక్యామ్ టేపుల్లో (ఇవి అప్పటి వీడియో టేపు రకాలు) బొమ్మ రికార్డయ్యే పూతని పట్టి ఉంచే బైండర్ తేమ పీల్చి జిగురుగా మారిపోవచ్చు, అలాంటిది ప్లే చేస్తే మెషీన్‌లో టేపుని చదివే హెడ్‌కి అంటుకుంటుంది, పైగా ఆ మెషీన్లు ఇప్పుడు కొత్తవి రావట్లేదు. అంటే ఆలస్యం అయ్యేకొద్దీ పోయేవే ఎక్కువ.

ఇంటర్వ్యూకి వెళ్తే యూసఫ్‌గూడలో ఒక పెద్దావిడ, అప్పట్లో తల్లి వేషాలు వేసేవారు, రంగు వెలిసిన స్టిల్ ఒకటి చేతిలో పెట్టి "టేపు దొరికితే నాకూ చూపించమ్మా, నేను యాక్ట్ చేశానంటే మనవరాలు నమ్మట్లేదు" అన్నారు. ఆవిడకి ఏం చెప్పను?

కాపీరైట్ ప్రాబ్లం అని కౌంటర్‌లో ఎవరో అన్నారు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో రీసెర్చ్ కోసం వాడుకోడానికి మినహాయింపు ఉంది, కాపీ ఇచ్చి తీరాలని అందులో లేదు, ఒప్పుకుంటాను, కానీ చూడనివ్వడానికి అడ్డేంటి?

దయచేసి ఉన్న టేపుల లిస్టు పబ్లిక్‌గా పెట్టండి, పాడవుతున్నవి ముందు డిజిటైజ్ చేయించండి, రీసెర్చ్ చేసేవాళ్లని మీ ఆఫీసులోనే కూర్చుని చూడనివ్వండి, ఫీజు ఎంతైనా కడతాం. కుదరదంటే ఆ మాటే కారణంతో సహా రాసివ్వండి.

ఇట్లు,
ఒక రీసెర్చ్ స్కాలర్, హైదరాబాద్