చెరువు గేటు దగ్గర లోతు, ప్రాణవాయువు లెక్కలు రాసిపెట్టాలి

సంపాదకులకు నమస్కారాలు.

బెంగళూరులోనూ చుట్టుపక్కల తాలూకాల్లోనూ చెరువు గట్టున పెట్టే బోర్డుల మీద ఈత కొట్టరాదు, చెత్త వేయరాదు, చేపలు పట్టరాదు అని రాసి ఉంటుంది గానీ, ఆ చెరువు ఎక్కడ ఎంత లోతుందో, నీటి తీరు ఎలా ఉందో ఒక్క ముక్క కూడా కనబడదు. ఆ లోటు ఎంత పెద్దదో ఈ ఉగాది వెళ్లిన వారం నాకు తెలిసివచ్చింది. హొసకోట వైపు మునుపెన్నడూ చూడని ఒక చెరువులో, మత్స్యశాఖ టెండరులో చేపల హక్కు పొందినవారి అనుమతితో, ఒక మిత్రుడూ నేనూ లైఫ్ జాకెట్లు తొడుక్కుని కయాక్‌లనే చిన్న తెడ్డు పడవల మీద గాలానికి వెళ్లాము.

మన చెరువులన్నీ కట్ట దగ్గర, తూము పక్కన లోతుగా ఉండి, నీళ్లు వచ్చే వైపు పలచబడుతూ పోతాయని అందరూ అనుకుంటారు. కానీ ఆ చెరువులో నీళ్లు వచ్చే వైపే, మోకాలి లోతు చోటికి నాలుగు బారల దూరంలో, తెడ్డు నిలువునా దించినా అడుగు తగల్లేదు. ఇటుకల కోసం మట్టి తవ్వుకుపోయిన గుంట అది. ఎండాకాలంలో తవ్వినవారు వెళ్లిపోతారు, వానాకాలంలో నీళ్లు దాన్ని కప్పేస్తాయి, ఆ తరువాత గేదెలను కడగడానికి దిగే పిల్లవాడికి అక్కడ గొయ్యి ఉందని చెప్పేవారు ఉండరు. మాకు జాకెట్లున్నాయి, వాడికుండవు.

రెండో సంగతి చేపలది. కయాక్‌లో కూర్చుంటే నీటికి జానెడు ఎత్తులో ఉంటాము కనుక, నడకబాట మీది నుంచి కనబడనివి కనబడతాయి. తెల్లవారుతుండగా నీళ్ల మీద ఎటు చూసినా వలయాలే. దగ్గరకు వెళ్తే బొచ్చెలు, జిలేబి చేపలు మూతులు పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి, ఎరను మాత్రం ముట్టడం లేదు. ‘ఊపిరికి పైకొస్తుండాయి సారూ, పొద్దెక్కితే గాని తినవు’ అని గట్టు మీద వల సరిచేసుకుంటున్న పెద్దాయన అన్నాడు. అన్నట్టే జరిగింది. మురుగు కలిసి పచ్చబడిన నీటిలోని నాచు పగలు ప్రాణవాయువును వదిలి, రాత్రంతా తానే పీల్చుకుంటుంది. అందువల్ల తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. ఆ స్థితిలో వేసవిలో వచ్చే మామిడి జల్లు ఒకటి పడి కాలువల్లోని కుళ్లును చెరువులోకి ఊడ్చుకొస్తే, చేపలు ఒక్కసారిగా చచ్చి తేలుతాయి. 2016 మార్చిలో హలసూరు చెరువులో వేల చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన దృశ్యం నగరవాసులు మరిచి ఉండరు.

కాలుష్య నియంత్రణ మండలి నగరంలోని చెరువుల నీటిని పరీక్షించి తరగతులు కేటాయిస్తూనే ఉంది. చేపల పెంపకానికి తగిన ‘డి’ తరగతి నీటిలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలన్నది నియమం. అయితే నమూనా ఏ వేళ తీశారన్నదే అసలు ప్రశ్న. మిట్టమధ్యాహ్నం తీసిన నీటిలో నాచు పుణ్యమా అని అంకె ఘనంగానే రావచ్చు, తెల్లవారుజామున అదే చెరువు చేపలకు ఊపిరి ఆడనిది కావచ్చు. పైగా ఆ ఫలితం చెరువు మీద బతికేవారి కంటపడే చోట ఉండదు. గజిబో మండపాలకూ రంగుల దీపాలకూ దొరికే డబ్బు ఒక రేకు బోర్డుకు దొరకదంటే నమ్మలేను.

చెరువుల పరిరక్షణకు కర్ణాటక 2014లో ప్రత్యేక చట్టమే చేసింది. దాని కింద బాధ్యత ఉన్నవారు ప్రతి చెరువు గేటు దగ్గర లోతుల పటం, మట్టి గుంటలున్న చోట్లు, తెల్లవారుజామున తీసిన ప్రాణవాయువు అంకె, తీసిన తేదీ, చేపల హక్కు ఎవరిది, పడవ వేయవచ్చునా కూడదా అన్నవి కన్నడంలోనూ, చదువు రానివారి కోసం బొమ్మల్లోనూ పెట్టించాలని కోరుతున్నాను. పడవలు వస్తే పక్షులు బెదురుతాయనే అభ్యంతరం సబబైనదే. గూళ్లు కట్టే కాలంలో ఆ మూలలకు ఎవరినీ రానివ్వరాదని అదే బోర్డు మీద రాయవచ్చు.

మీ పత్రిక బెంగళూరు పేజీలో రోజూ వాతావరణం వేస్తున్నారు. దాని పక్కనే వారానికొకసారి నాలుగైదు పెద్ద చెరువుల తెల్లవారుజాము అంకెలను సంబంధిత శాఖ నుంచి అడిగి తెప్పించి వేయవలసిందిగా, తొలి జల్లులు పడకముందే మొదలుపెట్టవలసిందిగా మనవి.

— ఒక పాఠకుడు, కృష్ణరాజపురం, బెంగళూరు