ఆ యాసిడ్ సీసా సంగతి

అమ్మలూ,

ఫోన్లో చెబితే "సరే నాన్నా, సరే" అంటూ సగంలోనే పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను.

బాత్‌రూమ్ టైల్స్ మీద ఉప్పునీళ్ళ చారలు పోవడం లేదని, బండివాడి దగ్గర యాసిడ్ కొన్నానని మొన్న అన్నావు. అంతవరకు బాగానే ఉంది. "దాంట్లో కాస్త బ్లీచింగ్ పౌడర్ కూడా కలిపితే తళతళలాడుతుందట" అన్నావు చూడు, ఆ మాట దగ్గర నా గుండె ఝల్లుమంది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ పుడుతుంది. 1915లో బెల్జియంలో ఈప్ర్ దగ్గర సైనికుల మీదికి వదిలారే, అదే వాయువు. నీ బాత్‌రూమ్ ఎంత, తలుపేస్తే మనిషి తిరగడానికే చోటుండదు. పౌడరే కాదు, బట్టలకు వాడే బ్లీచ్ నీళ్ళయినా అంతే. ఈ రోజు యాసిడ్, రేపు బ్లీచింగ్ అనుకున్నా, మధ్యలో నేలంతా బోలెడన్ని నీళ్ళతో కడగాల్సిందే.

ఇప్పుడు సీసా సంగతి. అందులో ఉన్నది హైడ్రోజన్ క్లోరైడ్ అనే వాయువు, నీళ్ళలో కరిగి ఉంది. ల్యాబ్‌కి వచ్చే గాఢమైన సరుకులో నూరు గ్రాములకి 37 గ్రాముల దాకా ఆ వాయువే. నీళ్ళంటే దానికి ఎంత ఆశంటే, మామూలు వేడిలో ఒక లీటరు నీళ్ళు 400 లీటర్లకు పైగా వాయువుని మింగేస్తాయి. మరి మన ఒంట్లో తడి ఎక్కడుంటుంది? కళ్ళలో, ముక్కులో, గొంతులో. నేరుగా అక్కడికే పోయి యాసిడ్‌గా మారి కూర్చుంటుంది. మూత తీయగానే కనిపించే తెల్లటి పొగ కూడా గాలిలోని తేమని పట్టుకున్న యాసిడ్ తుంపరే.

నేను ల్యాబ్‌లో చేరిన మొదటి వేసవిలో, ఏప్రిల్ ఎండల్లో, పెద్ద గాజు సీసా మూత తీశాను. ముఖం సరిగ్గా దాని మీదే పెట్టి మరీ! లోపల ఆవిరి నిండి ఉంది కాబోలు, ఒక్కసారిగా తన్నింది. గంటసేపు దగ్గాను. మీ అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

ఇంకో వింత చూశాను. అమ్మోనియా సీసానీ దీన్నీ పక్కపక్కన ఒకే అరలో పెట్టాం. మూతలు బిగించే ఉన్నాయి. సెలవులు అయ్యాక తెరిస్తే రెండు సీసాల మెడలకీ, అర చెక్కకీ విభూతి పూసినట్టు తెల్లటి పొడి. వేలితో గీస్తే గీత పడింది. ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాళ్ళు వాడే నవాసాగరం, అదే! మూత వేసి ఉన్నా సీసాలు ఊపిరి వదులుతూనే ఉంటాయని ఆ రోజు అర్థమైంది. ఆ గదిలోనే ఉన్న ఇనుప స్టాండ్లన్నీ తుప్పెక్కిపోయాయి. అందుకే నీ సీసాని గ్యాస్ సిలిండర్ పక్కన, స్టీలు సామాన్ల దగ్గర పెట్టకు. ప్లాస్టిక్ బకెట్లో నిలబెట్టి, గాలి తగిలే చోట, నేల మీదే ఉంచు. కూల్‌డ్రింకు సీసాలోకి మాత్రం చచ్చినా పోయకు. ఎవరైనా పొరపాటున తాగితే వాంతి చేయించకూడదు, నోరు పుక్కిలింపించి ఆసుపత్రికి పరుగెత్తాలి.

కడిగేటప్పుడు ముందు బకెట్లో నీళ్ళు పట్టు, ఆ తర్వాతే యాసిడ్ కొద్దికొద్దిగా పొయ్యి. తిరగేసి యాసిడ్ మీద నీళ్ళు పోస్తే కలిసేచోట వేడి పుట్టి ముఖం మీదికి చిమ్ముతుంది. ఇనుప బకెట్, అల్యూమినియం మగ్గు వద్దు, వాటితో కలిసి హైడ్రోజన్ పుడుతుంది, నిప్పు తగిలితే మండుతుంది. కొళాయికి తగిలితే దాని నిగనిగ పోతుంది. గడప పాలరాయి అయితే ఆ దరిదాపులకి తేకు, బుసబుసా పొంగి గరుకైపోతుంది. ఇంటాయన అడ్వాన్సులో పట్టుకుంటాడు!

చేతి మీద పడితే కొళాయి కింద పావుగంటకు తక్కువ కాకుండా పెట్టు. వంటసోడా రాయకు, సోడా నేల మీద ఒలికినదానికి. కంట్లో పడితే కళ్ళు తెరిచి అంతసేపూ నీళ్ళు కొట్టుకుంటూ వెంటనే డాక్టరు దగ్గరికి.

అసలు ఆ చారలకి ఇంత యుద్ధం ఎందుకే? కిరాణా కొట్లో నిమ్మఉప్పు దొరుకుతుంది. వేడినీళ్ళలో కలిపి, గుడ్డ తడిపి చారల మీద అరగంట అంటించి ఉంచు. దాంట్లో కూడా బ్లీచింగ్ కలపకూడదు.

ఇంతకీ ఆ పౌడర్ ప్యాకెట్ ఎక్కడ పెట్టావు? యాసిడ్ పక్కనేనా? ఉత్తరం చదవగానే లేచి దాన్ని వేరే చోట పెట్టి, అప్పుడు ఫోన్ చెయ్యి.

మీ నాన్న