కోర్టుకిచ్చే సీడీ తెరుచుకోకపోతే తప్పెవరిది?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. తెనాలిలో కోర్టుకు దగ్గరగా ఇరవై ఏళ్లకు పైగా జిరాక్స్, డీటీపీ దుకాణం నడుపుకుంటున్నవాణ్ని. సీడీల కాలం అయిపోయిందని మా ఇంట్లో పిల్లలే నవ్వుతుంటారు. కానీ వకీళ్ల గుమాస్తాలు, కేసుల్లోని పార్టీలు (కక్షిదారులు) తెచ్చే సీసీ కెమెరా దృశ్యాలు, ఫోన్‌లో రికార్డయిన మాటలు, వాట్సాప్ ఫొటోలు వారానికి పది పదిహేను డిస్కుల్లోకైనా ఎక్కించి ఇస్తూనే ఉన్నాను. ఇచ్చిన డిస్కు అవతల తెరుచుకోకపోతే ఎంత నష్టమో నా చేతుల మీదుగానే తెలిసింది గనుక, ఆ విషయం పదిమందికీ ఉపయోగపడుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండేళ్ల కిందట పొలం గట్టు తగాదాలో ఒక రైతు తన ఫోన్‌లో తీసిన వీడియోను డీవీడీలో కొట్టించుకుని వెళ్లాడు. ఎనిమిది నెలల తర్వాత ఆ డిస్కును తెరవబోతే ఖాళీ డిస్కు అని వచ్చింది. ఈలోగా అతని ఫోన్ పాడైపోయింది, వాయిదా పడింది. అతను మళ్లీ నా దగ్గరకే వచ్చాడు. నా కంప్యూటరులో పెడితే అదే డిస్కు చక్కగా తెరుచుకుంది! మొదట తప్పు అవతలివాళ్ల కంప్యూటరుదేననుకున్నాను. తర్వాత తెలిసింది, తప్పు నాదేనని.

విండోస్‌లో ఖాళీ డిస్కు పెట్టగానే దాన్ని ఎలా వాడతారని ఒక ప్రశ్న అడుగుతుంది. పెన్‌డ్రైవ్ లాగా వాడతారా, సీడీ, డీవీడీ ప్లేయర్లలో వాడతారా అన్నది దాని సారాంశం. తొందరలో అందరం మొదటిదే నొక్కేస్తాం. అలా నొక్కితే ఫైళ్లు ఒక్కొక్కటిగా ఎప్పటికప్పుడు డిస్కు మీదకు ఎక్కుతుంటాయి. అయితే డిస్కును బయటకు తీసేటప్పుడు ఆ విడతను కంప్యూటరు మూసివేయాలి, దీన్నే సెషన్ క్లోజ్ చేయడం అంటారు. ఆ మూత పడనంతవరకు దాన్ని రాసిన రైటర్ (డిస్కు రాసే డ్రైవు) చదవగలదేమో గానీ, వేరే డ్రైవుకు అది ఖాళీ డిస్కుగానే కనబడవచ్చు. ఆ రోజు మధ్యలో కరెంటు పోయింది. రైతు బస్సుకు తొందరపడుతున్నాడు. ట్రే రాకపోతే ముందున్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి డిస్కును లాగి ఇచ్చేశాను. మూత పడలేదు. కరెంటు వచ్చాక అదే రైటర్లో పెట్టి మూసేస్తే అయిపోయేదానికి ఎనిమిది నెలలు పట్టింది. అప్పటినుంచి రెండో పద్ధతినే, అంటే ఫైళ్లన్నీ ముందుగా కూర్చి ఒకేసారి రాసి మూసివేసే పద్ధతినే వాడుతున్నాను. తర్వాత ఒక్క ఫైలు కలపాలన్నా కొత్త డిస్కు తీసుకోవలసిందేనని పార్టీలు గొణుగుతారు. గొణగనివ్వండి.

ఇది కోర్టు పని కాకపోతే ఇంత పట్టించుకునేవాణ్ని కాదేమో. 2014లో అన్వర్, బషీర్‌ల ఎన్నికల కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినవి సీడీలే. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య చట్టం 65బి సెక్షన్ ప్రకారం ఉండవలసిన ధ్రువపత్రం లేనందున వాటిని సాక్ష్యంగా తీసుకోలేమని న్యాయస్థానం చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఆ స్థానంలో 63వ సెక్షన్ వచ్చింది. దాని ధ్రువపత్రం నమూనాలో ఫైలు హ్యాష్ విలువను కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి తీసిన వేలిముద్ర వంటిది, ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ అంకెలన్నీ మారిపోతాయి. కాబట్టి డిస్కు మీదకు వీడియో సరిగా ఎక్కకపోతే అది ఆడకపోవడమే కాదు, కాగితం మీద రాసిన హ్యాష్‌తో కూడా సరిపోలదు. విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ (certutil) అనే ఆదేశంతో అసలు ఫైలుకూ డిస్కులోని ఫైలుకూ హ్యాష్ తీసి సరిచూడవచ్చు. డబ్బు ఖర్చు లేదు, పెద్ద చదువూ అక్కర్లేదు.

డిస్కు రాస్తుండగా మధ్యలో ఆగిపోవడం ఇంకో పెద్ద తలనొప్పి. ఇందులో చాలామంది డిస్కు కంపెనీనే తిడతారు. నా అనుభవంలో మాత్రం కారణం సగంసార్లు కరెంటే. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో డ్రైవు ఉండటం లేదు కాబట్టి యూఎస్‌బీ తీగతో తగిలించే పలచటి రైటర్లు వాడుతున్నాం. డిస్కును చదవడానికి కావలసిన కరెంటు కంటే, లేజర్‌తో దాని మీద రాయడానికి ఎక్కువ కావాలి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు మాత్రమే, యూఎస్‌బీ 3.0 పోర్టు 900 ఇస్తుంది. అందుకే ఎన్ని డిస్కులైనా చక్కగా చదివే రైటర్, రాయమంటే మొరాయిస్తుంది, లేదా సగంలో ఊడిపోయినట్టు చప్పుడు చేసి మాయమవుతుంది. హబ్బులూ, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ తీగలూ తీసేసి కంప్యూటరు వెనకవైపు పోర్టుకు నేరుగా తగిలిస్తే చాలాసార్లు అక్కడితో సమస్య తీరిపోతుంది. అప్పటికీ తీరకపోతే రెండేసి తీగలున్న కేబుల్‌తో రెండు పోర్టుల నుంచి కరెంటు ఇవ్వవచ్చు.

రాయడం మొదలవకముందే పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్ అని వస్తే సంగతి వేరు. రాసే ముందు రైటర్ డిస్కు లోపలి అంచున లేజర్‌ను కాస్త వెలిగించి, ఈ డిస్కుకు ఎంత వేడి సరిపోతుందో పరీక్షించుకుంటుంది. డిస్కు తయారీదారు సంకేతం కూడా అక్కడే అచ్చయి ఉంటుంది, దాన్ని చూసి ఏ విధంగా రాయాలో నిర్ణయించుకుంటుంది. పేరూ ఊరూ లేని చవక డిస్కు పెడితే ఆ నిర్ణయం అంచనా మీద ఆధారపడుతుంది. ముందు వేరే కంపెనీ డిస్కు పెట్టి చూడాలి. అదీ కాదంటే లెన్సు మీద దుమ్ము ఉందేమో, లేజర్ బలహీనపడిందేమో అనుకోవాలి. మా వంటి దుకాణాల్లో జిరాక్స్ యంత్రం పక్కనే కంప్యూటరు ఉంటుంది. టోనర్ పొడి గాల్లో తిరిగి ట్రేలోకి చేరుతుందన్న సంగతి నాకు మూడు రైటర్లు పోయాక గానీ తట్టలేదు.

తొంభై శాతం దాకా వచ్చి ఆగిపోతే వేగాన్ని అనుమానించాలి. డిస్కు మీద రాత లోపలి నుంచి బయటి అంచుకు సాగుతుంది. 16ఎక్స్, అంటే డీవీడీ మూలవేగానికి పదహారు రెట్ల వేగంతో రాసేటప్పుడు బయటి అంచు లేజర్ మీదుగా గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంటుంది. ఏ కొంచెం వంకర ఉన్నా, పైన అంటించిన కాగితం లేబుల్ బరువు ఒక పక్కకు ఉన్నా అక్కడే బయటపడుతుంది. 8ఎక్స్‌కు తగ్గిస్తే డీవీడీ నిండా రాయడానికి మహా అయితే రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. అలాగని మరీ తగ్గించడం కూడా మంచిది కాదు, ఇప్పటి డిస్కులు మరీ నిదానపు వేగాలకు తయారైనవి కావు.

డీవీడీ మీద 4.7 జీబీ అని ఉన్నా కంప్యూటరు లెక్కలో అది సుమారు 4.37 మాత్రమే. అది మోసమేమీ కాదు, పెట్టె మీద వేసేవాళ్లు వెయ్యితోనూ, కంప్యూటరు 1024తోనూ లెక్కిస్తాయి. డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతులు రెండు మూడున్నాయి. సాధారణ ఐఎస్‌ఓ 9660 పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి పెద్ద సీసీ కెమెరా ఫైళ్లకు యూడీఎఫ్ పద్ధతి ఎంచుకోవాలి.

తెలుగువారికి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. దాన్ని ఎవరూ ప్రస్తావించగా నేను చూడలేదు. ఆ పాత ఐఎస్‌ఓ పద్ధతి ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలూ, అంకెలూ, కింది గీతా తప్ప మరేమీ ఎరగదు. ఫైలుకు తెలుగులో పేరు పెడితే, జోలియట్ అనే అదనపు ఏర్పాటు గానీ యూడీఎఫ్ గానీ ఉంటేనే ఆ పేరు నిలుస్తుంది. జోలియట్‌లోనూ పేరుకు 64 స్థానాలే హద్దు. మనకు ఒక్క అక్షరంగా కనబడే స్త్రీ కంప్యూటరుకు ఆరు స్థానాలు: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడి దీర్ఘం. పార్టీ పేరూ, ఊరూ, తేదీ, విషయమూ తెలుగులో కలిపి ఫైలు పేరుగా పెట్టే గుమాస్తాలున్నారు. వారి ఫైళ్ల పేర్లు తెగిపోవడానికీ, ఒకే మొదలున్న రెండు పేర్లు ఢీకొని ప్రోగ్రాము తిరస్కరించడానికీ కారణం ఇదే. తెలుగు పేర్లు వద్దని నేననను. చిన్నగా పెట్టి, వివరమంతా కాగితం మీద రాయమంటాను.

చేతికిచ్చాక జరిగే అన్యాయం ఇంకొకటి. సీడీలో రాత ఉన్న పొర అడుగున కాదు, లేబుల్ వైపే పలచటి లక్క కింద ఉంటుంది. దాని మీద కేసు నంబరును బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే సమాచారం మీద గీసినట్టే. మెత్తటి మార్కరుతో, వీలైతే మధ్యనున్న పారదర్శకమైన వలయం మీద రాయాలి. ఎండాకాలం స్కూటరు డిక్కీలో పెట్టి మర్చిపోయిన డిస్కు సంగతి చెప్పనక్కర్లేదు, రాసేది వేడితో మారే రంగు పొర మీదే కదా.

స్కానింగ్ కేంద్రాలు ఇచ్చే సీడీలతోనూ జనం ఇలాగే వస్తారు. అందులో ఫొటోలు లేవంటారు. అవి పేరు చివర .jpg వంటి పొడిగింపు లేని డైకమ్ ఫైళ్లు, అంటే వైద్య స్కాన్ చిత్రాల ఫైళ్లు, వాటిని తెరవడానికి వేరే ప్రోగ్రాము కావాలి. కాపీ చేసేటప్పుడు సీడీ మొత్తాన్ని చేయాలి తప్ప ఏరి చేయకూడదు.

నా విన్నపం ఒక్కటే. కోర్టుల్లో గానీ, పోలీసు స్టేషన్లలో గానీ, ఏ కార్యాలయంలో గానీ డిస్కును తీసుకునేటప్పుడు, ఇచ్చినవారి ఎదుటే ఒకసారి తెరిచి చూసి, తెరుచుకుందని రసీదు మీద ఒక్క మాట రాసే ఏర్పాటు ఉండాలి. తెరుచుకోకపోతే అప్పటికి అసలు ఫోన్ ఇంకా బాగానే ఉంటుంది, మా వంటివాళ్ల కంప్యూటరులోనూ ఫైలు ఉంటుంది, మరో డిస్కు కొట్టివ్వడానికి పదిహేను నిమిషాలు చాలు. అన్నిచోట్లా డ్రైవులు లేవని అనవచ్చు. డిస్కు అడిగే కార్యాలయంలో దాన్ని తెరిచే డ్రైవు ఒక్కటైనా ఉండాలనడం గొంతెమ్మ కోరిక కాదని నా ఉద్దేశం. మా దుకాణంలో మాత్రం ఇప్పుడు డిస్కును రాసిన కంప్యూటరులో కాకుండా మరో కంప్యూటరులో తెరిచి, వీడియో మొదటా చివరా చూపించి, ఆ తర్వాతే డబ్బు తీసుకుంటున్నాను.

భవదీయుడు,
ఒక జిరాక్స్ దుకాణదారు,
తెనాలి.