పెన్నీలు అయిపోతున్నాయి, సోమవారం నుంచి మన కొట్టులో లెక్క ఇదీ

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మన కొట్టుకి వచ్చే అందరికీ నమస్కారం.

మాకు ఖాతా ఉన్న బ్యాంకు పెన్నీ (ఒక సెంటు నాణెం) రోల్స్ ఇవ్వడం మానేసింది. గల్లాపెట్టెలో మిగిలినవి అయిపోతే ఇక అంతే. ఫిలడెల్ఫియా టంకశాలలో 2025 నవంబర్ 12న చలామణీ కోసం చివరి పెన్నీలు కొట్టారు. పాతవి చెల్లుతాయి, కొత్తవి రావు.

ఆపడం మంచిదే అంటాను నేను. 2024 లెక్కల్లో ఒక్క పెన్నీ తయారీకి, పంపిణీకి కలిపి 3.69 సెంట్లు పట్టింది. పావలా కోడికి ముప్పావలా మసాలా అంటే ఇదే. కాకపోతే ఆపిన పద్ధతే బాగోలేదు. కెనడా వాళ్లు 2012 మేలో ముద్రణ ఆపి, 2013 ఫిబ్రవరిలో పంపిణీ ఆపారు. క్యాష్ అయితే దగ్గరి 5 సెంట్లకి సవరించండి, కార్డు అయితే సెంటుతో సహా తీసుకోండి అని కొట్లవాళ్లకి ముందే చెప్పారు. ఇక్కడ ముందు ముద్రణ ఆపేశారు, రౌండింగ్‌కి దేశమంతటికీ ఒక చట్టం మాత్రం చేయలేదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. పెన్నీ లేకపోతే నికెల్స్ (5 సెంట్ల నాణేలు) వాడకం పెరుగుతుంది, ఒక్కో నికెల్‌కి అదే ఏడాది 13.78 సెంట్లు పట్టింది. మిగిలేది ఎంతో చూడాలి.

ఇక మన సంగతి. క్యాష్ బిల్లుని కిందికి సవరిస్తే పోదా అని మొదట అనుకున్నాం. కానీ ఫుడ్ స్టాంప్స్ కార్డుతో (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి తిండి సరుకుల కోసం ప్రభుత్వం ఇచ్చేది) కొనేవాళ్ల దగ్గర మిగతావాళ్ల కంటే ఒక్క సెంటు ఎక్కువ తీసుకోకూడదు, అది ఫెడరల్ రూలు. ఆ కార్డు మీద సెంటుతో సహా తెగుతుంది, క్యాష్ మీద తగ్గిస్తే తేడా వచ్చేసినట్టే. అందుకని బిల్లు చివర్లో కాకుండా ధరల్లోనే మార్చేశాం. సోమవారం నుంచి ప్రతి ధరా 5తోనో సున్నాతోనో ముగుస్తుంది. 7.99 ఉన్న కందిపప్పు 7.95 అవుతుంది. బెండకాయలు, దొండకాయలు లాంటివి కాటా మీద ఎంత వచ్చినా కింది 5 సెంట్లకే కడతాం. క్యాషైనా కార్డైనా ఒకటే ధర.

అన్నీ తగ్గాయని చెప్పను. 99 సెంట్లున్న కరివేపాకు కట్ట డాలర్ అయింది. చిన్న వస్తువులు ఇంకొన్ని కూడా ఒక సెంటు పైకెళ్లాయి. పెద్ద ప్యాకెట్లన్నీ కిందికే.

బియ్యం, పప్పులు, కూరగాయలకి టెక్సస్‌లో సేల్స్ ట్యాక్స్ లేదు కాబట్టి అక్కడితో సరి. చిక్కంతా ట్యాక్స్ పడేవాటితోనే: వేడి టిఫిన్లు, కూల్‌డ్రింకులు, అగరబత్తీలు. మిర్చి బజ్జీ ప్లేటు 3.95, దాని మీద 8.25 శాతం వేస్తే 4.28. కార్డు గీకితే 4.28, క్యాష్ ఇస్తే 4.25. ప్రభుత్వానికి కట్టాల్సిన 33 సెంట్లు పూర్తిగా కడతాం, తగ్గిన ఆ మూడు సెంట్లూ మేమే భరిస్తాం. వేడి తిండి ఫుడ్ స్టాంప్స్ మీద కొనడానికి ఎలాగూ వీల్లేదు, తీపి కూల్‌డ్రింకులకి కూడా 2026 ఏప్రిల్ 1 నుంచి టెక్సస్‌లో వీల్లేదు. కాబట్టి అక్కడా తేడా రాదు. ఒక బిల్లు మీద మాకు పోయేది మహా అయితే 4 సెంట్లు. నలభై డాలర్ల బిల్లుకి కార్డు కంపెనీకి దాదాపు డాలర్ పోతోంది, దాని ముందు ఇదెంత!

మన దగ్గర క్యాష్ ఇచ్చేది ఎక్కువగా ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లే. అరచేతిలో నాణేలు పరిచి, నికెల్ కంటే చిన్నగా ఉన్న డైమ్‌కి (10 సెంట్ల నాణెం) రెట్టింపు విలువేంటని అడుగుతుంటారు. వాళ్లకి ఇంట్లోనే ఈ సంగతి ఒకసారి చెప్పి పంపండి. మొన్న ఒక పెద్దాయన, "అయితే చిల్లర బదులు చాక్లెట్ ఇస్తావా బాబూ?" అన్నారు. ఇవ్వను అంకుల్. 2011 జూన్ 30 తర్వాత అక్కడ పావలా చెల్లకుండా పోయింది, దాన్ని ఎవరూ తలుచుకోలేదు గానీ ఆ చాక్లెట్ల మీద కోపం మాత్రం నాకింకా పోలేదు.

ఇళ్లలో సీసాల నిండా పెన్నీలుంటే తీసుకురండి. యాభై చొప్పున చుట్టి తెస్తే కౌంటర్‌లో అక్కడికక్కడే డాలర్లిచ్చేస్తాం. విడిగా తెస్తే మాత్రం శనివారం సాయంత్రం వద్దు, ఆ రద్దీలో లెక్కపెట్టడం మావల్ల కాదు.