చెరువు పరిరక్షణ సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సర్వసభ్య సమావేశానికి వచ్చిన పెద్దలకు, అక్కలకు, తమ్ముళ్లకు నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పేదేం లేదు కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకునే పని గుర్రపుడెక్క తీయడం. తూము నుంచి బతుకమ్మ ఘాటు మీదుగా మత్తడి నోరు దాకా తీశాం. మే 13న ఓట్ల గోల ముగిసింది, ఆ వారంలోనే మొదలుపెట్టాం. గీత కార్మికులు తమ పాత మోకులు ఇచ్చారు. మత్స్యకారులు థర్మకోల్ తెప్పల మీద పోయి డెక్క చుట్టూ మోకు తిప్పితే, కట్ట మీంచి మనోళ్లు గుంజారు. మొదటి రోజు అది జానెడు కూడా కదల్లేదు. చాపలా అల్లుకుపోయింది మరి. మన నీరటి తాత కొడవలి పట్టుకుని నడుంలోతు నీళ్లలోకి దిగి, "అంతా ఒక్కసారే గుంజితే ఎట్ల వస్తదిరా, మంచమంత మంచమంత కొయ్యుండ్రి" అన్నాడు. అప్పటినుంచి వచ్చింది. వేళ్ల సందుల్లో చిక్కిన కొర్రమట్ట పిల్లలను మన బడిపిల్లలు బకెట్లలోకి ఏరి మళ్లీ చెరువులో వదిలారు.

ఖర్చు తగ్గిన సంగతి కూడా చెప్పాలి. డెక్కలో నూటికి 90 పాళ్లకు పైగా నీరే ఉంటుంది. పచ్చిది ట్రాక్టర్లకెత్తితే నీళ్లు మోసినందుకే కిరాయి కట్టినట్టు. అందుకే నాలుగు రోజులు గట్టున ఎండబెట్టాకే ఎత్తించాం. దాన్ని రైతులు పెంట ఎరువుకు తీసుకుపోయారు.

ఆ పని ఎంత అక్కరకొచ్చిందో ఆగస్టు 31 రాత్రి వానకు తెలిసింది. ఖమ్మం, మహబూబాబాద్ దిక్కు చెరువులు తెగుతున్నాయని ఫోన్లు వస్తుంటే, టార్చిలైట్లు, ఇసుక బస్తాలతో కట్ట మీదే ఉన్నాం. తెల్లారి మత్తడి దుంకింది. నోరు డెక్కతో మూసుకుపోయి ఉంటే నీళ్లు కట్ట మీదికే వచ్చేవి. ఆ అక్టోబరులో సద్దుల బతుకమ్మను మన అక్కాచెల్లెళ్లు మన ఘాటులోనే నీళ్లలో వదిలారు. అంతకుముందు ఏడు అక్కడ డెక్క తప్ప నీళ్లు కనిపించలేదు, పక్క ఊరికి పోయారు.

మోకులిచ్చిన గీత కార్మికులకు, మత్స్యకారులకు, డీజిల్ మాత్రమే తీసుకుని పొక్లెయిన్ పంపిన అన్నకు, రోజూ గంజి, అంబలి మోసుకొచ్చిన మహిళా సంఘాల అక్కలకు, చవితికి మట్టి వినాయకులే పెట్టిన నాలుగు మండపాల యువకులకు, అందరికంటే ముందు నీరటి తాతకు సంఘం కృతజ్ఞతలు. పేరు మరిచినవాళ్లు మన్నించాలి.

ఇప్పుడు చేదు మాటలు. ఈ డెక్క మనది కాదు, అమెజాన్ నదీ ప్రాంతంది. పూలు అందంగా ఉన్నాయని ఎవరో తెచ్చి వదిలితే ప్రపంచమంతా పాకింది. అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. దానికి మేత మురుగు. పై వెంచర్ డ్రైనేజీ మన కట్టుకాలువలో కలిసినంతకాలం మనం తీస్తూనే ఉంటాం, అది పెరుగుతూనే ఉంటుంది. దీని మీద ఐదు అర్జీలు పెట్టాం. వచ్చిన సార్లు ఫోటోలు దిగి పోయారు. చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దుకు, అంటే ఎఫ్‌టీఎల్‌కు, రాళ్లు పాతిపోయారు, రెండు రాళ్లు మూడు నెలలు తిరక్కముందే మాయం. పది హెక్టార్లు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల బఫర్ వదలాలని 2012 నాటి జీవో 168లో ఉంది. చెరువులు, కుంటలు ఊరి ఉమ్మడి వనరులని, వాటిని కాపాడాలని 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. ఇవన్నీ జిరాక్సులు తీసి ఇచ్చాం. జిరాక్సు ఖర్చు లెక్కల్లో ఉంది, చూసుకోండి.

లెక్కల సంగతికొస్తే, జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు గోడకు అంటించారు. చందాల బాకీలు అలాగే ఉన్నాయి, పైకం కొద్దిగా మిగిలింది. రసీదులు చూడాలనుకునేవాళ్లు ఆయన దగ్గరికి పోవచ్చు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మన గ్రూపులో రెండు వందలకు పైగా ఉన్నాం. "రేపు పొద్దున ఆరింటికి కట్ట మీద" అని పెడితే నలభై బొటనవేళ్లు వస్తాయి, మనుషులు పదిహేను మంది వస్తారు. వానొచ్చిన రాత్రి పడ్డవి కూడా వేళ్లే. కమిటీలో పదవి తీసుకుని ఏడాదంతా ముఖం చూపని ఇద్దరి గురించి అధ్యక్షుల వారే మాట్లాడతారు.

మొన్న ఆదివారం పోయి చూస్తే డ్రైనేజీ దిగేచోట మళ్లీ ఊదా పూలు. బాగున్నాయని గ్రూపులో ఫోటో పెట్టినవాళ్లకు దండం. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి అక్కడే మొదలుపెడదాం. కొడవళ్లు ఎవరివి వాళ్లు తెచ్చుకోండి. మోకులు నిరుడే తిరిగిచ్చేశాం, మళ్లీ అడిగాను, ఇస్తామన్నారు.

ఇట్లు,
కార్యదర్శి