గోడల మధ్య ఖాళీ

స్వాన్సీ,
నవంబరు 9

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫొటోలు నిన్న రాత్రి నాన్న, నేను పెద్దవి చేసుకుని ఒక్కొక్కటే చూశాం. ప్లిమత్‌లో, సముద్రానికి అంత దగ్గరలో, మీరు పెట్టగలిగిన డబ్బుకు ఇల్లు దొరకడం మాటలు కాదు. వంటింటి కిటికీ నాకు ఎంతో నచ్చింది. కానీ ఆరో ఫొటో దగ్గర ఆగిపోయాను. పక్క గోడ మీద, ఇటుకల నడుమ సిమెంటు గీతల్లో, సుమారు గజానికొకటి చొప్పున రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చలు ఉన్నాయి. అవి రంధ్రాలు తొలిచి మళ్లీ పూడ్చిన గుర్తులు. ఆ గోడల లోపల ఎవరో ఇన్సులేషన్, అంటే ఇంట్లో వేడి బయటికి పోకుండా ఆపే సరుకు, నింపించారు. ఇల్లు అమ్మేవాళ్ల కాగితాల్లో అది మంచి విషయంగానే రాసి ఉంటుంది. సంతకాలు పెట్టే ముందు ఈ ఉత్తరం మొత్తం చదువు.

అమలాపురంలో మా అమ్మమ్మ గారి పెంకుటిల్లు నువ్వు చూశావు. ఎంత వాన కురిసినా ఆ ఇంటి గోడ తడిసేది కాదు. చూరు బాగా ముందుకు దిగి ఉండేది, నీళ్లు అరుగు దాటి వాకిట్లో పడేవి. ఇక్కడ బ్రిటన్‌లో ఇళ్లకు అలాంటి చూరు లేదు. గాలి వానను తెచ్చి గోడకేసి కొడుతుంది, ఇటుక తడిసి తీరుతుంది. అందుకే 1920ల నుంచి ఈ దేశంలో రెండు గోడలు పక్కపక్కనే కట్టి, మధ్యలో రెండంగుళాల ఖాళీ వదలడం వాడుకలోకి వచ్చింది. బయటి గోడలోంచి దిగిన నీరు ఆ ఖాళీలోనే కిందికి జారిపోతుంది, లోపలి గోడ పొడిగా ఉంటుంది. అమ్మమ్మ గారింట్లో చూరు చేసిన పనిని ఇక్కడ ఆ ఖాళీ చేస్తోంది. మేము దాన్ని 2010లో నింపించాం.

ఆ రోజుల్లో ఇళ్లలో వేడి వృథా కాకుండా చూసే బాధ్యతను ప్రభుత్వం గ్యాసు, కరెంటు కంపెనీల మీద పెట్టింది. వాళ్ల తరఫున ఇంటింటికీ మనుషులు వచ్చేవారు. మాకు ఖర్చేమీ లేదన్నారు, 25 ఏళ్ల హామీ అన్నారు. ఒక్క పూటలో పని ముగించి, గొట్టంతో ఊది దూదిలాంటి ఖనిజపు ఉన్ని నింపి వెళ్లారు. మన ఇల్లు కొండ మీద, సముద్రపు గాలికి ఎదురుగా ఉందని ఎవరూ చూడలేదు. ఇటుకల మధ్య సిమెంటు ఎక్కడ రాలిందో కూడా చూడలేదు.

మరుసటి చలికాలంలో నీ గది గోడకు, నడిమి ఎత్తులో, చెమ్మ మచ్చ లేచింది. ఒక సోమవారం నీ స్కూలు కోటు బీరువాలోంచి తీస్తే కాలరు మీద తెల్లటి బూజు. వేలితో తుడిస్తే పొడిలా రాలింది. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. ఫిర్యాదు చేస్తే ఒకాయన వచ్చి గోడ కంటే ముందు మన పొయ్యి చూశాడు. మీ వంటల్లో ఆవిరి ఎక్కువ, బట్టలు ఇంట్లోనే ఆరేస్తారు, కిటికీలు తెరవరు, అందుకే ఈ బూజు అన్నాడు. నేను నమ్మాను. రెండు చలికాలాలు ఇడ్లీ పాత్ర అటక మీదే ఉంచాను. ఇడ్లీ ఎందుకు చేయడం లేదమ్మా అని ఒక ఆదివారం నువ్వు అడిగితే, గోడ పాడవుతుందని చెప్పాను. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

అసలు సంగతి బయటపెట్టింది వంటింట్లోని తెలుగు క్యాలెండరు. 2013 చివరి నుంచి 2014 ఫిబ్రవరి దాకా పడమటి తీరాన్ని తుపానులు వరుసగా కొట్టాయి. నైరుతి గాలితో వాన వచ్చిన ప్రతి రోజుకూ నేను సున్నా చుట్టాను, మచ్చ ముదిరిన రోజుకు టిక్కు పెట్టాను. సున్నా పడిన ఒకటి రెండు రోజులకు టిక్కు పడేది. వాన తెరిపిచ్చిన రోజుల్లో, కుక్కరు కూతలు పెడుతూనే ఉన్నా, మచ్చ ఆరేది. ఇంట్లోని ఆవిరే కారణమైతే బాగా చలి పట్టిన రోజుల్లో, గది మూలల్లో, కిటికీ అంచుల్లో చెమ్మ ముందు కనిపించాలి. మనకు ఒక్క నైరుతి గోడకే, అదీ గాలివాన తర్వాతే కనిపించింది.

అప్పుడు నాన్న సొంత డబ్బుతో, ఇళ్లను పరీక్షించే ఒక సర్వేయరును పిలిపించారు. ఆయన చిన్న రంధ్రం చేసి, సన్నటి గొట్టం చివరనున్న కెమెరా లోపలికి పంపి తెర నాకు చూపించాడు. ఉన్ని తడిసి, వాన్లో వదిలేసిన దూదిపరుపులా ముద్దకట్టి కిందికి జారింది. పైభాగం ఖాళీ. రెండు గోడలను కలిపే ఇనుప బందుల మీద, ఇల్లు కట్టినప్పుడు పడిన సిమెంటు ముద్దలు అలాగే ఉన్నాయి. నీరు వాటి మీదుగా, ఉన్నిలోంచి లోపలికి నడిచి వస్తోంది. హామీ ఇచ్చినవారు మాత్రం, బయట పాయింటింగ్, అంటే ఇటుకల మధ్య సిమెంటు పూత, చూసుకోవలసింది మీరేనని జవాబు రాశారు. చివరికి కింది వరుసలో ఇటుకలు తీసి, గాలి ఊది, ఉన్ని మొత్తం బయటికి లాగించాం. గోడ ఆరడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఇన్సులేషన్ చెడ్డదని నేను అనడం లేదమ్మా. లెస్టర్‌లో మన వాళ్లింట్లో కూడా ఇదే నింపారు, గాలివాన అంతగా తగలని ఊరు కాబట్టి వాళ్ల ఇల్లు వెచ్చగా, పొడిగా ఉంది. గాలివాన తాకిడిని బట్టి ఈ దేశాన్ని నాలుగు మండలాలుగా విభజించిన పటం ఉంది, మీ వీధి ఎందులో పడుతుందో చూడు. నైరుతికి ఎదురుగా ఉన్న గోడ ఏదో చూడు, సిమెంటు గీతలను గోటితో గీకి చూడు. నేల దగ్గర గాలి ఆడే జాలీ ఇటుకలు పూడిపోయాయేమో గమనించు. నింపిన తేదీ, హామీ పత్రం అడుగు. కెమెరా పరీక్షకు, నింపే పనితోగానీ తీసే పనితోగానీ సంబంధం లేని మనిషిని పిలవండి. ఆ డబ్బు మేము ఇస్తాం. ఇల్లు కొన్నాక ఎవరైనా తలుపు తట్టి, నష్టపరిహారం ఇప్పిస్తాం, గెలిస్తేనే ఫీజు అంటే వెంటనే సంతకం పెట్టకు. అలాంటి కేసులు నడిపిన ఒక న్యాయ సంస్థ 2024లో మూతపడితే, దాన్ని నమ్మినవాళ్ల చేతికి బిల్లులు వచ్చాయి.

వెచ్చదనమే కావాలంటే ముందు అటక మీద 270 మిల్లీమీటర్ల మందాన ఇన్సులేషన్ పరుపు వేయించు. దానికి ఈ గొడవ లేదు.

శనివారం పొద్దున్నే బయలుదేరి మేమిద్దరం వస్తున్నాం. ఆ పూట వాన ఉందంటున్నారు, మంచిదే. తడిసిన గోడను తడిసినప్పుడే చూద్దాం. ఇడ్లీ పాత్ర కారులో పెట్టాను, పిండి కూడా తెస్తున్నాను.

అమ్మ