మా ఒకటో తరగతికి తలుపులున్న పుస్తకాలు ఇప్పించండి

తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతికి చెప్పే టీచర్ను. పేజీలో అట్ట తలుపు తెరిస్తే వెనక బొమ్మ కనిపించే పుస్తకాలు మా పిల్లలకు కావాలన్న ఒక చిన్న కోరికతో ఈ లేఖ రాస్తున్నాను.

వానకు ఇల్లు కొట్టుకుపోయిన కాకి, పిచ్చుక ఇంటికొచ్చి తలుపు కొట్టే కథ మీరూ చిన్నప్పుడు వినే ఉంటారు. పోయిన నెల ఆ కథ కోసం ఒక అట్టపెట్టె మీద తలుపు బొమ్మ గీసి, మూడు వైపులా బ్లేడుతో కోసి, నాలుగో వైపు మడత పెట్టాను. తెరిస్తే వెనక తడిసిన కాకి. పిల్లలు ఇప్పటికి ఎన్నిసార్లు తెరిచారో లెక్కలేదు. లోపల కాకే ఉందని అందరికీ తెలుసు. అయినా వేలి కణుపులతో టక్ టక్ మని కొట్టి, ఆగి, ‘ఎవరూ?’ అని అడిగాకే తీస్తారు. బడికొచ్చిన కొత్తలో నోరు విప్పని పిల్లవాడు మొదట పలికిన మాట ఆ ‘ఎవరూ?’నే. ‘టక్’ అన్న మాటను నల్లబల్ల మీద చూపిస్తే వాళ్లు గుణింతాల దాకా ఆగలేదు, చదివేశారు.

మా బడి బీరువాలో కథల పుస్తకాలు లేక కాదు. చాలావరకు నాలుగో తరగతి వాళ్లు చదవగలిగినవి, పేజీ నిండా అక్షరాలు. బొమ్మలున్న నాలుగైదింటిలో తలుపంటే గోడకు కాలింగ్ బెల్లు ఉన్న మేడ తలుపే. బెల్లు కొట్టడం పిల్లలకు సరదానే, ఉండనివ్వండి. కానీ మా పిల్లల ఇళ్లకు దర్వాజ ఉంటుంది, పసుపు రాసిన కడప ఉంటుంది, గొళ్లెం ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్లు బయటి నుంచే ‘అమ్మా, ఉన్నవా?’ అని పిలుస్తారు. ఆ తలుపు కూడా పుస్తకంలోకి రావాలి.

ఈసారి పుస్తకాలు కొనేటప్పుడు మందపాటి అట్టతో, తెరిచి చూసే తలుపులతో, పేజీకి రెండు మూడు మాటలతో ఉన్నవి ఒకటి, రెండు తరగతులకు విడిగా ఎంపిక చేయించండి. ఆస్తి పన్నుతో పాటు వసూలు చేసే 8 శాతం గ్రంథాలయ సెస్సు ఉంది కదా, దానిలోంచి జిల్లా గ్రంథాలయాల పిల్లల విభాగాలకూ ఇవి కొనిపించవచ్చు. ఏటా నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి, ఆ రోజుకు అందితే మరీ సంతోషం.

ఇంకొక్క మాట, నాకు ఇదే ముఖ్యం. ఇలాంటి పుస్తకాలు చిరుగుతాయి. చిరిగితే స్టాక్ రిజిస్టర్‌లో ఎవరు జవాబు చెప్పాలన్న భయంతోనే బీరువాకు తాళం పడుతోంది. చిరిగినదాన్ని ప్రధానోపాధ్యాయుల సంతకంతో తీసివేయవచ్చని ఒక ఉత్తర్వు ఇప్పించండి.

మా అట్ట తలుపు రెండో రోజే ఊడింది. ఒక పాప దాన్ని రెండు చేతుల్లో పట్టుకొచ్చి ‘టీచర్, దర్వాజ ఊడింది’ అంది. టేపు వేసి అంటించాం. నిన్న మళ్లీ ఊడింది.

ఇట్లు,
ఒకటో తరగతి టీచర్